నోట్లో మిగిలిన ఉత్తరం

ఆ ఫ్యాక్టరీలో ఎవరికి ఏ కాగితం అందాలన్నా ఆమె చేతి మీదుగానే అందాలి. అందుకే అందరూ ఆమెను ఉత్తరాలావిడ అనేవారు. పనిలో చేరమని, సెలవు ఇచ్చామని, ఇవ్వలేమని, ఆలస్యంగా వస్తున్నారని, సరుకు ముట్టిందని, ముట్టలేదని, రోజంతా అవే ఉత్తరాలు. కొత్తగా రాసేదేమీ ఉండదు. పాత ఉత్తరం తీయడం, పేరు మార్చడం, తేదీ మార్చడం, పెదాలు కదుపుతూ ఒకసారి చదువుకోవడం, సంతకానికి పంపడం. ఈ పనిలో ఉన్న గండమల్లా ఒక్కటే. పైన పేరు మార్చి, కింద పేరాలో పాత పేరు మార్చడం మరిచిపోతే ఒకరి తిట్లు ఇంకొకరికి పోతాయి. చేరిన కొత్తలో ఆమె అలాగే చేసి, లారీ ఎందుకు బోల్తా కొట్టించావని క్యాంటీన్ వంటాయన్ని సంజాయిషీ అడిగింది. స్టీరింగు పట్టుకోవడమే రాని ఆ మనిషి భయపడి క్షమాపణ కూడా రాసిచ్చాడు. అప్పటినుంచి పెదాలు కదపకుండా ఆమె ఒక్క ఉత్తరమూ పంపలేదు.

ఆమె భర్తదీ అక్కడే పని, రేకులు నొక్కే ప్రెస్సు మీద. పొద్దున్నే ఇద్దరూ ఒకే గేటులోంచి లోపలికి వెళ్లి చెరో వైపు తిరిగేవారు. ఒకరోజు ప్రెస్సు ఆయన కుడిచేతి మీద పడింది. రెండు వేళ్లు పోయాయి, మిగిలినవి ముడుచుకోవు. చెయ్యి లోపలికి పోకుండా మిషనుకు ఉండాల్సిన అడ్డురేకు ఎవరు తీయించారన్నది విచారణలో ఎవరూ అడగలేదు. ఆయన ఏమరుపాటేనని తేల్చేశారు. ఆస్పత్రి నుంచి వచ్చాక స్టోర్సులో కూర్చోబెడితే ఎడమ చేత్తో బోల్టులు ఏరుతున్నాడు. ఇక్కడ పని పోతే ఆ చేతికి ఇంకెక్కడా పని దొరకదని ఇంట్లో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు, అంతే.

సరిగ్గా అప్పుడే ఉత్తరాలు తనంతట తనే రాసే యంత్రం ఫ్యాక్టరీకి వచ్చింది. పేరు చెప్పి, ఏ రకం ఉత్తరమో చెబితే చాలు, కన్ను మూసి తెరిచేలోపు కాగితం చేతిలో పెడుతుంది. దాన్ని తెచ్చిన కంప్యూటరాయన మర్యాదస్తుడు. ఒక్కో రకం ఉత్తరం ఒక్కసారి మైకు ముందు చదివితే సరిపోతుందని, చదివాక ఆ రకం మాట మీ నోట్లోంచి వెళ్లి యంత్రంలో చేరుతుందని, కొత్తగా రంగు వేసిన తలుపు ముట్టుకోవద్దని చెప్పినంత మామూలుగా చెప్పాడు. మేనేజరు తన వంతుగా ఇంకో మాట చెప్పాడు. ఉత్తరాల విభాగంలో అందరినీ పంపేస్తున్నారట. యంత్రం రాసినవి సరిచూసేందుకు ఒక్క కుర్చీ ఉంటుందట. సహకరించినవాళ్లకే ఆ కుర్చీ అట. ఇంట్లో చెయ్యి చెడిన మనిషిని పెట్టుకుని ఆమె ఏమంటుంది, చదువుతానంది.

మొదట గుర్తుచేసే ఉత్తరం చదివింది. ఆ సాయంత్రం ఇంట్లో భర్త మాత్ర వేసుకోలేదని ఆమెకు తెలుసు. చెప్పబోతే నోట్లో ఏమీ లేదు. మాత్ర అరచేతిలో పెట్టుకుని ఆయన ముందు నిలబడింది. అత్తగారు వంటింట్లోంచి, పాలు పొంగిపోతుంటే చూస్తూ ఊరుకున్నావేమిటి, గుర్తుచేయకూడదా అని సణిగింది.

"గుర్తుచేయడం నా దగ్గర లేదత్తయ్యా. యంత్రానికి ఇచ్చేశాను."

"అలా చెప్పు మరి," అంది అత్తగారు. ఆ రోజునుంచి పాల దగ్గర తనే కాపలా కూర్చుంది.

తర్వాత, కుదరదు అని చెప్పే ఉత్తరం చదివింది. వారం తిరక్కుండానే చుట్టుపక్కల వాళ్లకు సంగతి తెలిసిపోయింది. ఎదురింటివాళ్లు నిచ్చెన పట్టుకుపోయారు, పక్కింటివాళ్లు బిందెలు, పైవాటావాళ్లు ఏకంగా తమ పిల్లల్ని తెచ్చి సెలవులన్నాళ్లూ వదిలేశారు. ఆమె అన్నిటికీ తలూపింది. కృతజ్ఞతలు వెళ్లాయి, క్షమాపణ వెళ్లింది, చివరికి విన్నపం కూడా వెళ్లింది. మైకు ముందునుంచి లేచిన ప్రతిసారీ గొంతు తేలికైనట్టుండేది. మొదట్లో అది హాయిగా కూడా అనిపించింది, నిజం చెప్పాలంటే. ఇంటికి వెళ్లాకే ఎంత పోయిందో తెలిసేది.

ఒక్కదాన్ని మాత్రం రేపు చదువుతాను, ఎల్లుండి చదువుతాను అని వెనక్కి నెడుతూ వచ్చింది. పనిలోంచి తీసేసే ఉత్తరం. అది ఇస్తే యంత్రం మొదట ఎవరి పేరు అడుగుతుందో ఆమెకు తెలుసు. కానీ పక్క మాటలన్నీ ఖాళీ అయ్యేసరికి ఆ మిగిలిన ఉత్తరం నోరంతా ఆక్రమించింది. ఉప్పు తక్కువైందని అత్తగారు అంటే, జవాబుగా "తమ సేవలు" అని నాలుక చివరికి వచ్చేది. పెదాలు బిగబట్టి వంటింట్లోకి వెళ్లిపోయేది.

ఒక మధ్యాహ్నం ఆమె బల్ల మీదికి భర్త ఫైలు వచ్చింది. పైన చీటీ, తీసివేత అని. ఆ చీటీని అటు తిప్పి ఇటు తిప్పి చూసింది, పేరు మారలేదు.

ఇంటికి వచ్చి చెప్పింది. జరిగింది జరిగినట్టు చెప్పడానికి మాటలు ఇంకా ఉన్నాయి. ఆయన చాలాసేపు తన చేతి వంక చూసుకున్నాడు.

"నువ్వు మేనేజరు దగ్గరికి వెళ్లి ఒక్క మాట అడుగు. స్టోర్సులోనే ఉంటాను, కావాలంటే జీతం తగ్గించమను. నీ మాట తీసెయ్యడు."

"బతిమాలడం ఇచ్చేశానండీ."

"ఎప్పుడు?"

"పోయిన నెల."

"నన్ను ఒక్క మాట అడగాల్సింది కదే," అన్నాడు. గొంతులో కోపం లేదు, అదే ఆమెను చంపేసింది. క్షమించమని అడుగుదామని నోరు తెరిచింది. అదీ యంత్రంలోనే ఉంది. ఏడుపు మాత్రం ఎవరూ తీసుకోలేదు కాబట్టి కడుపారా ఏడ్చింది. ఆయన ఎడమ చెయ్యి ఆమె వీపు మీద వేసి అలాగే కూర్చున్నాడు.

అయినా మర్నాడు మేనేజరు గదికి వెళ్లింది. మాట రాకపోయినా మనిషి మొహం చూస్తే అర్థం చేసుకోడా అనే ఆశ. పెళ్లినాటి చీర కట్టుకుంది, ఎందుకో ఆమెకే తెలియదు. మేనేజరు కూర్చోమన్నాడు, మంచినీళ్లు ఇప్పించాడు. కంప్యూటరాయన మైకు సర్దుతూ పక్కనే ఉన్నాడు. ఆమె చేతులు జోడించింది. మా ఆయన చెయ్యి, ఆయన వయసు, మా అత్తగారు, మా ఇల్లు, అన్నీ గుండెలో వరసగా ఉన్నాయి. నోరు తెరిచింది.

"తమ సేవలు ఈ రోజు నుంచి..."

చప్పున చేత్తో నోరు మూసుకుంది.

మేనేజరు మొహం విప్పారింది. "అదేనమ్మా కావలసింది. ఇన్నాళ్లూ దాచుకున్నారు. అదొక్కటీ మైకులో చెప్పేస్తే కుర్చీ మీదే. మీ ఆయన సంగతి, నాకూ బాధగానే ఉంది. ఏం చేస్తాం, పైనుంచి వచ్చింది."

అబద్ధం కాదు, అతనికి బాధగానే ఉంది. బాధపడుతూనే మైకు ఆమె వైపు జరిపాడు.

చెప్పను అనడానికి ఆమె దగ్గర మాట లేదు. వదిలేయండి అనడానికి లేదు. పోనీ రాజీనామా చేద్దామంటే అదీ విన్నపం కిందే లెక్క, ఎప్పుడో వెళ్లిపోయింది. ఉద్యోగి అన్నాక చెప్పిన పని చేయాలి. ఆమె అరచేతితో మైకు తలను గట్టిగా మూసింది. ఇరవై ఏళ్లుగా చేసిన పనే చేసింది. పాత ఉత్తరం తీసింది, పేరు మార్చింది, పెదాలు కదుపుతూ చదివింది. పైన తన పేరు, కింద పేరాలో కూడా తన పేరే. తమ సేవలు ఈ రోజు నుంచి సంస్థకు అవసరం లేదు, ఈ క్షణం నుంచి తమకు సంస్థతో ఏ సంబంధమూ లేదు, గుర్తింపు కార్డు గేటు దగ్గర అప్పగించవలెను.

ఉత్తరం సక్రమంగా ఉంది. ఏళ్ల అలవాటు కొద్దీ మేనేజరు, సంతకానికి వచ్చిన కాగితం ముందు ఊపినట్టే తలూపాడు. ఊపాక గానీ ఏం జరిగిందో తట్టలేదు. ఆగండి, మైకులో చెప్పి వెళ్లండి అన్నాడు. సంబంధం లేని మనిషికి పని చెప్పడం ఎవరి తరమూ కాదు. ఆమె గేటు దగ్గర కార్డు ఇచ్చి, ఎండలో నడుచుకుంటూ ఇంటికి వెళ్లింది.

తర్వాత వాళ్లు ఊరికే లేరు. తీసివేత ఫైల్లో పాత నకళ్లు తిరగేస్తే పైన పేర్లున్నాయి, కింద సంతకాలున్నాయి, మధ్యలో తెల్లగా ఉంది. ఆ మాట ఇప్పుడు ఆమె నోట్లో తప్ప ఇంకెక్కడా లేదు. యంత్రాన్ని అడిగితే, తమ విన్నపం పరిశీలించామని, మన్నించలేకపోతున్నందుకు చింతిస్తున్నామని మేనేజరుకే రాసింది. మేనేజరు స్వయంగా కలం పట్టుకుని కూర్చుని సాయంత్రానికి చెత్తబుట్ట నింపాడు. కాగితం లేనిదే ఆమె భర్త పేరు కొట్టేయనని గేటు కాపలాదారు తేల్చిచెప్పాడు. ఆయన మర్నాడూ పనికి వెళ్లాడు, ఆ మర్నాడూ వెళ్లాడు. ఇప్పటికీ వెళుతున్నాడు.

ఇంట్లో ఆమె మాట్లాడదు. ఆ ఉత్తరం నోట్లోనే ఉంది. ఏ మాట మొదలుపెట్టినా చివరికి అదే బయటికి వస్తుందని, వస్తే ఎదురుగా ఉన్న మనిషి పేరే అందులో పడుతుందని ఆమె భయం. మొదట్లో ఆయన ఎన్నో విధాల అడిగి చూశాడు. అలిగాడు, ఒకరోజు అన్నం కూడా తినలేదు. నాతో ఒక్క మాట మాట్లాడితే నీ సొమ్మేం పోయిందే అన్నాడు. ఆ పూట ఆమెకు అరుద్దామన్నంత ఆశ పుట్టి, కొంగు నోట్లో కుక్కుకుని గోడవైపు తిరిగింది.

నిన్న సాయంత్రం ఆయన స్టోర్సు నుంచి వచ్చి, బోల్టుల మసి కడుక్కుని, పీట వాల్చుకున్నాడు. ఆమె వడ్డించింది. ఆయన మొహంలో అలసట చూసి ఉండబట్టలేక ఆమె పెదాలు కదిలాయి. ఆయన ఎడమ చేతిలో ముద్ద పళ్లెంలో వదిలేసి, ఆ ఎంగిలి చెయ్యే ఆమె నోటికి అడ్డం పెట్టాడు.

"వద్దులే," అన్నాడు. "నువ్వేమీ అనకు."