పోటు వేళ కొత్త కారు

ష్వేలియన్ పొద్దున లేవగానే చేసే మొదటి పని, పొయ్యి పక్కన మేకుకి తగిలించిన ఆటుపోట్ల వేళల కార్డు చూడటం. మొహం కడుక్కోవడం ఆ తర్వాతే. ఆ రోజు పోటు ఎన్నింటికో చూసుకుని బట్టల బీరువా కింద ఒక పళ్లెం, అత్తగారి నాటి కుట్టుమిషను కింద ఒక గిన్నె, మొగుడు కూర్చునే ప్లాస్టిక్ స్టూలు కింద పెద్ద నీలం బేసిను పెడుతుంది. డోంగ్‌గాంగ్ రేవు ఊళ్లో సముద్రంలో మునిగి తేలిన సరుకు లేని ఇల్లు ఉండదు. ఒకసారి ఉప్పునీళ్లలో మునిగిందంటే ఇక అంతే. రోజూ పోటు వేళకి, తాగిన నీళ్లు కాసిని కక్కాల్సిందే, బీరువా అయినా సరే, మనిషి అయినా సరే. రెండింటిని పక్కపక్కన పెడితే పోటీలు పడి మరీ కారతాయి. అందుకే బీరువా ఒక గదిలో, మిషను ఒక గదిలో, మొగుడు వరండాలో.

కున్‌షాన్ మంచివాడే, పాపం. కూతురు యీచెన్ హైస్కూల్లో ఉండగా ఆయన పడవ తిరగబడింది. ఇక ఆశ లేదనుకుని ఏడుపులు మొదలయ్యాక, వలకి చుట్టుకుని ఒడ్డుకొచ్చాడు. అప్పట్నుంచి పోటు వేళయ్యేసరికి చొక్కా కాలర్లోంచి, చేతుల అంచుల్లోంచి నీళ్లు కారతాయి. నొప్పేమీ ఉండదు. ఉన్నదంతా సిగ్గే. సోఫాలో కూర్చోడు. పెళ్లిళ్లకి వెళ్లడు. పరుపు కుళ్లిపోతోందని పెళ్లాం పక్కన పడుకోవడం మానేసి వెదురు చాప చేరాడు. వాళ్ల పాత కారుని తుప్పు పట్టించిందీ ఆయనే. ఒకరోజు చేపల మార్కెట్ సెంటర్లో సీటు కింద రేకు ఊడిపోయి, బేసినుతో సహా నడిరోడ్డు మీద కూలబడ్డాడు. చూసినవాళ్లెవరూ నవ్వలేదు. ష్వేలియన్ మాత్రం నెల్లాళ్లు దెప్పింది.

ఆ రోజు కార్డు చూస్తూ ఆవిడ అలాగే నిలబడిపోయింది.

"ఏవయ్యా, కారిచ్చే ముహూర్తం ఎప్పుడన్నారు?"

"పాము ఘడియలో. తొమ్మిదింటికి రమ్మన్నారుగా."

"ఎవరు పెట్టారా ముహూర్తం?"

"షోరూము సిద్ధాంతిగారే. ఉచితంగా పెడుతున్నారని నువ్వేగా సంబరపడ్డావు!"

అదే ఆవిడ చేసిన తప్పు. పిల్లకి పేరు పెట్టాలన్నా, దుకాణం తెరవాలన్నా, కారు తాళాలు తీసుకోవాలన్నా ఆ ఊళ్లో ఎవరు పుట్టిన ఏటి జంతువుకి పడే ఘడియ వాళ్లు గుడి దగ్గర పెట్టించుకుంటారు, ఏడాదికో జంతువు, ఘడియకో జంతువు మరి. అమ్మేవాడు పెట్టిన ముహూర్తం కొనేవాడికి ఎప్పుడు కలిసొచ్చింది గనక!

"మన పిల్ల పుట్టింది పులి ఏడు. పులికీ పాముకీ పడదని బళ్లో పిల్లకాయలనడిగినా చెబుతారు. గుర్రం ఘడియ పెట్టండి, పన్నెండింటికి వస్తామని నిన్న ఫోన్లో అంటే, 'కుదరదు పిన్నీ, తొమ్మిదంటే తొమ్మిదే' అన్నాడు ఆ మింగ్‌జే. ఎందుకా అనుకున్నాను." ఆవిడ కార్డు మీద వేలు పెట్టింది. "ఇదుగో చూడు. తొమ్మిదింటికి సముద్రం పూర్తిగా వెనక్కి పోయి ఉంటుంది. పోటు మధ్యాహ్నం దాటాక. అందులోనూ అమావాస్య పోటు."

కున్‌షాన్ సోయా పాలు తాగడం ఆపాడు. పోయిన తుఫానుకి రేవు పక్క పల్లంలో ఆపిన కొత్త కార్లు అద్దాల దాకా మునిగాయని ఊరంతా చెప్పుకున్నారు. మావి అక్కడ లేనే లేవని షోరూమువాళ్లు బోర్డు కూడా పెట్టారు.

"నువ్వూ రా," అంది ష్వేలియన్.

"నేనా? అక్కడంతా తెల్ల పాలరాయి పరిచారే!"

"బేసిను తెచ్చుకో."

కారు యీచెన్‌కి. వూతాయ్ కొండల్లో ఒక చిన్న బళ్లో టీచరు ఉద్యోగం వచ్చింది పిల్లకి. సోమవారం చేరాలి. ఆ బడి దాకా బస్సు లేదు. ఉన్నదల్లా ఒక దారి, దానికి ఒక పక్క కొండ, ఒక పక్క లోయ. మర్నాటి నుంచి ఏడో నెల. పోయినవాళ్లు ఊళ్లో తిరిగే నెల. ఆ నెలలో బుద్ధున్నవాడెవడూ కొత్త కారు ముట్టుకోడు, అమ్మేవాడు ఇవ్వడు కూడా. కారు ఇవాళ రావాలి, లేదంటే పిల్ల ఉద్యోగం పోతుంది. మునిగిన కారైతే ఆ దారిలో ఏదో ఒక మలుపులో ఠక్కున ఆగిపోతుంది. అప్పుడు పోయేది ఉద్యోగం కాదు.

షోరూము తిరునాళ్లలా ఉంది. ఏడో నెల రాకముందే తీసుకుపోదామని ఊరంతా అక్కడే ఉంది. వాళ్ల తెల్ల కారు నెత్తిన ఎర్ర రిబ్బను పువ్వు కట్టి, అద్దాలకి ఎర్రగుడ్డలు చుట్టి, ముందు టపాకాయల దండ పరిచి ఉంచారు. జువాంగ్ మేనేజరు పూలగుత్తి పట్టుకుని ఎదురొచ్చాడు. ఆయన వెనక సేల్స్ కుర్రాడు మింగ్‌జే.

"రండి అక్కయ్యగారూ, రండి! సంతకం పెట్టేస్తే తాళాలు మీ చేతిలో!"

"చూసుకోనివ్వండి కాస్త."

తలుపు తెరిచింది. నిమ్మకాయ సెంటు గుప్పున కొట్టింది. సీట్లకి ప్లాస్టిక్ తొడుగులు బిగించి ఉన్నాయి. అందులో వింతేం లేదు, ఆ ఊళ్లో ఆ తొడుగులు ఏళ్ల తరబడి ఎవరూ తియ్యరు. బానెట్ తెరవమంది. మూయమంది. మళ్లీ తెరవమంది. ప్రతి దీపం, ప్రతి మీట ఒక్కొక్కటే నొక్కి చూసింది. హారను అన్నిసార్లు కొడుతుంటే పక్క కారువాళ్లు చెవులు మూసుకున్నారు.

"ఏం వదినా, కారుని పెళ్లిచూపులు చూస్తున్నావా?" అన్నాడు ఐసు ఫ్యాక్టరీ ముసలాయన.

"నా పెళ్లిచూపులు అయిదు నిమిషాల్లో తేల్చేశారు బావా. దాని ఫలితం అదిగో, బేసిను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది."

అందరూ నవ్వారు. కున్‌షానూ నవ్వాడు, తల దించుకుని.

మేనేజరుకి మాత్రం నవ్వు రాలేదు. "అక్కయ్యగారూ, ఘడియ దాటిపోతోంది!"

"దాటనీ."

"దాటితే అరిష్టం!"

"పులిపిల్లకి పాము ఘడియ పెట్టినప్పుడు రాలేదా ఆ భయం?"

మింగ్‌జే బూట్ల వంక చూసుకున్నాడు. అది చూశాక ఆవిడ పోటు వచ్చేదాకా కదలనన్నట్టు మొగుడి పక్కన కూర్చుని అన్నం డబ్బా మూత తీసింది. వెంట వచ్చిన యీచెన్ చెవిలో కోప్పడింది.

"అమ్మా, ఇది వద్దంటే నెల దాకా నాకు కారు లేదు. సోమవారం వెళ్లకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారు. నా జీవితంతో పంతాలేంటి నీకు?"

"నీ జీవితం కోసమేనే పిచ్చిదానా. ముద్ద తిను."

పన్నెండు దాటింది. షోరూములో మాటలు తగ్గాయి. ఒంటిగంట దాటాక కున్‌షాన్ కాలరు తడిసింది. బేసినులో మొదటి చుక్క టప్పుమంది. ఊళ్లో ఇక ఎవరూ గడియారం చూడక్కర్లేదు.

తెల్ల కారు కింద నేల మాత్రం పొడిగానే ఉంది.

మేనేజరు చేతులు చాచాడు. "చూశారుగా! పోటు వచ్చింది. ఒక్క చుక్క పడిందా? ఇక సంతకం పెడతారా, పోయిన ఘడియకి మమ్మల్ని ఆడిపోసుకుంటారా?"

ష్వేలియన్ మోకాళ్ల మీద వంగి చూసింది. కారు అడుగున నీళ్లు పోయే చిల్లులన్నింటికీ నల్లటి రబ్బరు బిరడాలు కొట్టి ఉన్నాయి. కొత్త కార్లన్నింటికీ ఉండేవేనేమో. ఆవిడకి తెలీదు. లేచి, చేతులు ప్యాంటుకి తుడుచుకుంది. అప్పుడు, పక్కపక్కన పెడితే పోటీపడి కారే బీరువా, కుట్టుమిషను గుర్తొచ్చాయి.

"ఏవయ్యా, లే. వెళ్లి ఆ సీట్లో కూర్చో."

"నేనా? వద్దే! కొత్తది..."

"కూర్చోమన్నానా!"

కున్‌షాన్ బేసిను కింద పెట్టి, వెళ్లి కూర్చున్నాడు. కూర్చున్నాడో లేదో, నీళ్లు బొట్లు మాని ధారలు కట్టాయి. ఇంట్లో ఏనాడూ అంతలా కారి ఎరగడు. తొడుగు మీంచి ఆయన తొడల పక్కగా పారాయి.

"అయ్యయ్యో!" మేనేజరు గొంతు షోరూమంతా వినబడింది. "చూశారా అందరూ? బంగారంలాంటి కారుని ఉప్పుపాలు చేశాడు! ఇక ఈ కారు మీరు తీసుకు తీరాల్సిందే. ఇట్లాంటి మనిషిని ఇంట్లో ఉంచుకోవాలి గానీ నలుగురిలోకి తెస్తారా?"

కున్‌షాన్ మొహం చచ్చిపోయింది. "తప్పయిపోయింది, క్షమించండి," అంటూ లేవబోయి, చొక్కా చేతితో సీటు తుడవబోయాడు. ఆ చెయ్యి ఇంకా కారింది.

ష్వేలియన్‌కి కళ్లనీళ్లు తిరిగాయి. నెల్లాళ్లు దెప్పిన తన మాటలే ఆ మేనేజరు నోట్లోంచి వచ్చినట్టు అనిపించింది. ఒంట్లో ఉన్న కోపమంతా గొంతులోకి తెచ్చుకుంది.

"నువ్వు లేవకు. ఎవరికీ క్షమాపణ చెప్పకు."

సంచిలోంచి తువ్వాలు తీసి పక్క సీటు తొడుగు మీద పడ్డ తడిని మెల్లగా, ఒక్క చుక్క లేకుండా ఒత్తింది. మేనేజరుకి చూపించింది. పొడి. తర్వాత అరచేత్తో తొడుగు నొక్కింది. కింద ఏదో కదిలింది. ప్లాస్టిక్ చేప పొట్టలా ఉబ్బింది, ఆవిడ చెయ్యి తీశాక కూడా ఉబ్బుతూనే ఉంది.

రిబ్బను కొయ్యడానికి తెచ్చుకున్న కత్తెరతో ఒక్క పోటు పొడిచింది. నీళ్లు ఎగదన్నాయి. వాటితో పాటు పచ్చటి నాచు పోగొకటి వచ్చి మేనేజరు బూటు మీద పడింది. ష్వేలియన్ వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"సముద్రమే. మా ఆయన చొక్కాలు ఉతికే చెయ్యి, నాకు తెలీదా? ఆయన నీళ్లు తొడుగు పైన ఉన్నాయి జువాంగ్‌గారూ. మీ నీళ్లు తొడుగు కింద ఉన్నాయి."

ముందు ఐసు ఫ్యాక్టరీ ముసలాయన తన కారు వైపు పరిగెత్తాడు, ఆ వెనక అందరూ. కాసేపట్లో షోరూమంతా ప్లాస్టిక్ చింపుతున్న చప్పుడు. "ఇక్కడికి రావయ్యా కున్‌షాన్, మా దాంట్లో ఓ క్షణం కూర్చో!" అని ఒకరు, "ముందు మా దాంట్లో!" అని ఇంకొకరు. కున్‌షాన్ నీలం బేసిను చంకన పెట్టుకుని కారు కారుకీ తిరిగాడు. సిద్ధాంతిగారికి కూడా అంత గిరాకీ ఉండి ఉండదు.

ష్వేలియన్ మాత్రం ఒక మూలకి నడిచింది. అక్కడ బఠాణీ రంగు చిన్న కారొకటి చూడ్డానికి పెట్టిన బొమ్మలా నిలబడి ఉంది. ఆ రంగు నచ్చక ఎవరూ కొనలేదు. తుఫానుకి ముందు నుంచీ షోరూములోనే ఉంది.

"ఇది ఇవ్వండి. అదే ధరకి."

మేనేజరు తల ఊపి కాగితాలు తెప్పించాడు. అయినా ఆవిడ తొందరపడలేదు. తొడుగు చింపించింది, మొగుణ్ని కూర్చోబెట్టింది, పోటు నిండు మీదకి వచ్చి మళ్లీ తీసేదాకా కాపలా కాసింది. ఆయన నుంచి మామూలుగా టప్, టప్ అని నాలుగు బొట్లు పడ్డాయంతే. కారు ఊరుకుంది.

మింగ్‌జే తాళాలు తెచ్చి, గొంతు తగ్గించి అన్నాడు. "నన్ను క్షమించు పిన్నీ. పైవాళ్లు చెప్పినట్టు చేశాను. కానీ ఒక మాట, ఇప్పుడు కోతి ఘడియ నడుస్తోంది. పులికి ఇది పాము కన్నా చెడ్డది. ఒక్క అరగంట..."

"బండి పొడిగా ఉందా?"

"ఉంది."

"అదే ముహూర్తం."

చక్రాల మీద ఉప్పు, బియ్యం చల్లి, టపాకాయలు తనే అంటించింది.

ఆదివారం ముగ్గురూ కొండెక్కారు. ఏడో నెల వచ్చేసింది. దారి పొడుగునా గుమ్మాల ముందు పోయినవాళ్లకి పెట్టిన అగరుబత్తులు పొగలు చిమ్ముతున్నాయి. యీచెన్ నడుపుతోంది. కున్‌షాన్ వెనక సీట్లో, ప్లాస్టిక్ పట్టా పరుచుకుని, మోకాళ్ల మధ్య బేసినుతో ముడుచుకు కూర్చున్నాడు. ప్రతి మలుపులోనూ ష్వేలియన్ ముందున్న పిడి గట్టిగా పట్టుకుంది. ప్రతి మలుపూ ఆ చిన్న బండి బఠాణీ గింజలా దొర్లుకుంటూ దాటేసింది.

టీచరుకి ఇచ్చిన ఇల్లు రెండు గదులు. పెద్ద గదిలో మంచం, మంచం మీద కొత్త దూది పరుపు. సామాన్లు దించి, తుడిచి, ఊడ్చేసరికి పోటు వేళయింది. ష్వేలియన్ అలవాటుగా స్టూలు వేసి, కింద బేసిను పెట్టింది. కున్‌షాన్ అలవాటుగా వచ్చి కూర్చున్నాడు. కింద లోయలో వాగు చప్పుడు తప్ప ఏమీ లేదు.

ఎంతసేపటికీ బేసిను మాట్లాడలేదు.

ఆవిడ సంచిలోంచి కార్డు తీసి చూసింది. వేళ అదే. మొగుడి కాలర్లో వేళ్లు పెట్టి చూసింది. మెడ వెచ్చగా, పొడిగా ఉంది. సముద్రం ఇంత ఎత్తుకి ఎక్కలేదని వాళ్లకెవరు చెబుతారు? మునిగి తేలినవాళ్లెవరూ కొండెక్కి చూడలేదు.

కున్‌షాన్ తన చేతులు అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు. లేచి, మంచం దగ్గరికి వెళ్లి, పరుపు మీద ముందు అరచెయ్యి పెట్టాడు. తర్వాత అంచు మీద కూర్చున్నాడు. ఎవరైనా లెమ్మంటారేమోనని పెళ్లాం వంక చూశాడు. ఆవిడ స్టూలు గోడ వారకి జరిపింది. అప్పుడు కాళ్లు పైకి పెట్టుకుని వెల్లకిలా పడుకున్నాడు.

ష్వేలియన్ బేసిను తీసుకెళ్లి బట్టలు ఉతకడానికి పనికొస్తుందని పంపు దగ్గర బోర్లించి వచ్చింది.

"అమ్మా, చీకటి పడేలోగా మిమ్మల్ని దింపేసి రానా?" అంది యీచెన్, తాళాలు ఆడిస్తూ. "రేపు నీ చేపముద్దల దుకాణం తెరవాలిగా."

"దుకాణం ఎక్కడికీ పోదులే." ష్వేలియన్ చెప్పులు విడిచి మంచం ఎక్కింది. "నువ్వు ఆ చిన్న గదిలో పక్క వేసుకో. ఏవయ్యా, కాస్త అటు జరుగు."