ఎనిమిదో ఇన్నింగ్‌లో అన్న మాట

వెల్మా నెత్తిన ఆ టోపీ చూసిన దగ్గర్నుంచి అర్లీన్ కడుపు మండిపోతూనే ఉంది. దుకాణంలో కొన్నది కాదది. ఆటగాళ్ళు పెట్టుకునేది, అంచున చెమట మరక కూడా పోలేదు. యోవనీ ఇచ్చాడట! వాడు ఉండేది అర్లీన్ ఇంట్లో. ఏప్రిల్ నుంచి మేడ మీది గది వాడిదే, వాడి సాక్సులు ఉతికేది అర్లీనే. టోపీ మాత్రం వెల్మాకి.

బేస్‌బాల్ చిన్న లీగు ఆడే కుర్రాళ్ళను వేసవంతా ఇంట్లో పెట్టుకోవడం ఆ ఊళ్ళో ఆనవాయితీ. వెల్మా ఇంట్లో ఉన్నవాణ్ణి జూన్‌లోనే జట్టులోంచి తీసేశారు. ఊరికే కూర్చోలేని మనిషి కదా, వీడియోలు చూసి యోవనీ వాళ్ళ డొమినికన్ వంటలు నేర్చేసుకుంది. పచ్చి అరటికాయలు ఉడకబెట్టి, మెదిపి, పైన వేయించిన ఉల్లిపాయలు వేసి పెడుతుందట. ఇక ప్రతి గురువారం యోవనీ అక్కడే. అర్లీన్ ఓవెన్‌లో కాల్చి చేసిన బంగాళాదుంపల క్యాసరోల్ ముందు మాత్రం మొహమాటంగా నవ్వి రెండు చెంచాలతో సరిపెడతాడు.

ఇవాళ ఆగస్టు ఆఖరి ఆదివారం. ఆట అయ్యాక ఒక్కో ఆటగాడు మైకు ముందుకొచ్చి, ఈ వేసవిలో తనకు అమ్మ ఎవరో పేరు పెట్టి పిలుస్తాడు. పిలిచినావిడ మైదానంలోకి దిగి వాడి పక్కన ఫొటో తీయించుకుంటుంది. యోవనీ ఎవర్ని పిలుస్తాడు? పొద్దున్నుంచి అర్లీన్‌కి అదే బెంగ.

దానికి తోడు వాడు ఇవాళ బంతి వేస్తున్న తీరు! తొమ్మిదింటిలో ఎనిమిదో ఇన్నింగ్ వచ్చేసింది, ఎదుటి జట్టులో ఒక్కడంటే ఒక్కడు బంతి కొట్టి మొదటి బేసు చేరలేదు, అంటే ఒక్క హిట్ కూడా లేదు. ఇంకో ఐదుగురు అవుటైతే చాలు, వాడి పేరు పెద్ద లీగు దాకా పోతుంది. ఆ సంగతి స్టేడియంలో అందరికీ తెలుసు, ఎవరూ నోరెత్తరు. పైకి అంటే దిష్టి. తోటి ఆటగాళ్ళు కూడా వాడి పక్కన కూర్చోవడం మానేశారు. వెనక వరుసలో ముసలి ఓర్విల్ సగం తిన్న హాట్‌డాగ్ చేత్తో పట్టుకుని ఐదో ఇన్నింగ్ నుంచి కదల్లేదు.

యోవనీ ఇటు తిరిగి టోపీ అంచు తాకాడు.

“చూశావుటే? నన్నే!” పక్క సీట్లోంచి వెల్మా మోచేత్తో పొడిచింది. “మొన్న నన్ను ‘మామీ’ అన్నాడు తెలుసా? వాళ్ళ భాషలో అమ్మ అని. ఏడుపొచ్చేసిందనుకో.”

“ఓహో. మామీగారు సాక్సులు కూడా ఉతుకుతారా?”

“ఎందుకే అంత ఉలుకు? అరటికాయ వండటం నీకూ నేర్పిస్తాలే, వాడు నాలుగు ముద్దలు ఎక్కువ తింటాడు.”

పుండు మీద కారం చల్లినట్టయింది. నోరు జారిందనడానికి లేదు. మాట నాలుక చివరికొచ్చాక అర్లీన్ ఒక్క క్షణం ఆగింది. ఆగి మరీ, నాలుగు వరుసలకు వినబడేలా అంది.

“వీడింకా ఒక్క హిట్ కూడా ఇవ్వలేదు కదూ!”

“ఓరి దేవుడా!” ఓర్విల్ చేతిలో హాట్‌డాగ్ కింద పడింది. “ఇరవయ్యేళ్ళుగా ఇదే సీట్లో కూర్చుంటున్నావు కదమ్మా, మతిగానీ పోయిందా?”

మరుసటి బంతి బ్యాటు కొసకు తగిలి, ఇద్దరు ఆటగాళ్ళ మధ్య గడ్డిలో మెత్తగా పడింది. హిట్టే. స్టేడియమంతా ఉసూరుమంది.

వెల్మా టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. అది చూసి అర్లీన్‌కి మొదట కాస్త చల్లగానే అనిపించింది. తర్వాత తల వంచుకుని నిలబడ్డ యోవనీ కనిపించాడు. ఛీ, ఏం పని చేశాను అనుకుంది.

ఆట నెగ్గారు. మైకు ముందుకొచ్చి యోవనీ, “మా అమ్మ, అర్లీన్!” అన్నాడు.

ఆమె మెట్లు దిగుతుంటే చుట్టుపక్కల ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. కొట్టింది వెల్మా ఒక్కతే.

“పోనీలెండమ్మా, ఒక్క హిట్టే కదా,” అంటూ యోవనీ ఆమెను దగ్గరికి తీసుకున్నాడు. “పైన ఎవరో ఆ మాట అనేశారటగా? మీ దగ్గర్లోనేనట, మావాళ్ళంతా ఒకటే గోల. ఎవరమ్మా?”

“వెల్మా,” అంది అర్లీన్. ఆలోచించను కూడా లేదు.

వాడి నవ్వు ఆగిపోయింది. పైకి చూశాడు. వెల్మా చేతులు నొప్పి పుట్టేలా ఇంకా చప్పట్లు కొడుతూనే ఉంది.

“అయ్యో పాపం! ఎంత కుమిలిపోతోందో,” అన్నాడు. “మీరావిణ్ణేమీ అనకండమ్మా, నాకు కోపం లేదు. ఇవాళ భోజనానికి అక్కడికే వెళ్తా. పక్కన కూర్చుని నేనే చెప్తాను.”

ఫొటో తీసేవాడు నవ్వమన్నాడు. అర్లీన్ నవ్వింది. వాడి మన్నింపు తనకు దక్కాల్సింది, అదీ వెల్మా ఇంటికే పోతోంది. వెల్మా అసలు సంగతి చెప్పేస్తుందేమోనని భయం వేసింది. చెప్పకుండా ఆ తప్పు తన నెత్తిన వేసుకుంటుందేమోనని అంతకంటే ఎక్కువ మండింది.