అమ్మ రాని బోనం

ఏడాది పొడవునా రుక్కమ్మ అందరిలాంటి మనిషే. పత్తి చేలో కలుపు తీస్తుంది, కోడలి వంటకు వంకలు పెడుతుంది, రేషన్ బియ్యం కాడ వరుస తప్పినవాళ్లతో తగాదా పెట్టుకుంటుంది. శ్రావణంలో ఎల్లమ్మ బోనాల నాడు మాత్రం ఆ ఊళ్లో ఆమె మాటకు తిరుగుండదు. ఊరేగింపు బడి మలుపు దగ్గరికి వచ్చేసరికి ఆమె మీదికి ఎల్లమ్మ వస్తుంది. అప్పుడు ఎంత పెద్ద మనిషైనా సరే, చేతులు జోడించి ఎదురుగా నిలబడి, వానలు పడతాయా తల్లీ అని అడగాల్సిందే.

ఆ ఒక్క మధ్యాహ్నమంటే తనకెంత ఇష్టమో రుక్కమ్మ ఎవరికీ చెప్పుకోదు. పూనకం దిగాక తానేం మాట్లాడిందో ఆమెకు గుర్తుండదు. పక్కింటివాళ్లు చెప్తుంటే ఎవరి సంగతో విన్నట్టు నోరు తెరుచుకుని వింటుంది. భర్త పోయాక ఆమె మాటను ఇంతమంది చెవి ఒగ్గి వినేది ఆ రోజే మరి. కొంతమంది ఆడవాళ్లు అమ్మ రాకపోయినా వచ్చినట్టు ఊగుతారు, చీరలూ గాజులూ అడుగుతారు. వాళ్లను చూస్తే రుక్కమ్మకు ఒళ్లు మంట. ఒక ఏడు అమ్మ ఎంతకీ రాకపోతే ఆమె గుడిదాకా నోరు మూసుకుని నడిచి, బోనం దించి, తలవంచుకుని ఇంటికొచ్చింది. దేవత పేరు మీద అబద్ధమాడితే కళ్లు పోతాయని ఆమె నమ్మకం. ఈ కాలంలో కూడా అంత గట్టిగా నమ్మేవాళ్లు ఉన్నారా అంటే, ఉన్నారు.

ఈ ఏడు ఊరేగింపు రోడ్డెక్కిన వేళకే వనపర్తి నుంచి కోడేరు పోయే బస్సు వచ్చి ఆగింది. ఆగక ఏం చేస్తుంది? ముందు డప్పులు, వెనక బోనాలు, వాటి వెనక ట్రాక్టర్ మీద మైకుపెట్టెలు. డ్రైవర్ కాసేపు హారన్ కొట్టి, ఎవరూ వినిపించుకోకపోయేసరికి మొహం మీద తువ్వాలు కప్పుకుని కునుకు తీశాడు. బస్సులో ఉక్కపోతకు తట్టుకోలేక జనం ఒక్కొక్కరే దిగారు. వాళ్లలో పచ్చ చుడీదార్ వేసుకున్న పిల్ల ఒకతి, ఇరవై దాటి ఉంటుందేమో, భుజానికి సంచితో వచ్చి బోనాల ఆడవాళ్ల పక్కన నిలబడింది. ఆ ఊరికి ఆ పిల్ల ఎవరో తెలియదు, ఆ పిల్లకు ఆ ఊరు తెలియదు.

కాసేపటికి ఆ పిల్ల ఊగడం మొదలుపెట్టింది. తల అటూ ఇటూ తూలుతోంది, చేతులు వణుకుతున్నాయి, జుట్టు ఊడి మొహం మీద పడింది. నోట్లో ఏదో గొణుగుతోంది. చూసినవాళ్లకు ఇంకో ఆలోచన ఎందుకొస్తుంది? బోనాల నాడు, డప్పుల ముందు, ఆడపిల్ల అట్లా ఊగితే అది అమ్మ కాక ఇంకేమిటి? గుంపు చటుక్కున రెండుగా విడిపోయి దారి ఇచ్చింది. ఎవరో పసుపు నీళ్లు తెచ్చి ఆ పిల్ల తల మీద కుమ్మరించారు. ఇంకెవరో చేతిలో వేపమండలు పెట్టారు, అవి జారిపోతే మళ్లీ పెట్టారు. కుర్రవాళ్లు సెల్‌ఫోన్లు పైకెత్తారు. దారిన పోయే పిల్ల మీదికి కూడా వచ్చిందంటే మన ఎల్లమ్మ ఎంత సత్యంగల తల్లో అని ముసలివాళ్లు చెంపలు వేసుకున్నారు.

రుక్కమ్మ నెత్తి మీద బోనంతో నిలబడి అదంతా చూసింది. ఆమెకు ముందు కలిగింది అసూయే. దాన్ని ఇంకో మంచి పేరుతో పిలవాల్సిన పని లేదు. ఇన్నేళ్లుగా పొద్దంతా ఉపవాసముండి, కాళ్లకు చెప్పుల్లేకుండా నడిచే నన్ను కాదని, బస్సు దిగి వచ్చిన పిల్ల మీదికి పోయిందా అమ్మ అని లోలోపల అమ్మనే నిలదీసింది. ఊరేగింపు బడి మలుపు ఎప్పుడో దాటింది. ఆమె ఒంట్లో ఏ కదలికా లేదు.

అయినా పద్ధతి పద్ధతే. అమ్మ ఎవరి మీదికి వచ్చినా బొట్టు పెట్టాలి. ఒక చేత్తో బోనం పట్టుకుని, రెండో చేత్తో ఆ పిల్లకు కుంకుమ పెట్టబోయింది రుక్కమ్మ. నుదురు తగలగానే చెయ్యి ఆగిపోయింది. నుదురు చల్లగా ఉంది. మీద పడ్డ పసుపు నీళ్ల చల్లదనం కాదు, లోపలి నుంచి వచ్చే చల్లదనం. అమ్మ వచ్చినప్పుడు ఒళ్లెలా కాలిపోతుందో ఆమెకు తెలుసు. దిగిపోయాక కూడా చాలాసేపు జ్వరం తగిలినట్టే ఉంటుంది. ఈ పిల్ల చెమట కారుతూ గడ్డకట్టిపోతోంది. పైగా ఆ కళ్లు ఎవరినో వెతుకుతున్నాయి. పెదాలు ఏదో చెప్తున్నాయి గానీ డప్పుల మోతలో ఒక్క అక్షరం వినబడటం లేదు.

ఊరేగింపు పెద్ద నాగప్ప ఆమెకు సొంత మరిది. రుక్కమ్మ అతని దగ్గరికి పోయి చెవిలో చెప్పింది.

“నాగప్పా, గా పిల్ల మీద అమ్మ లేదు. ఒళ్లు మంచు లెక్క ఉన్నది. జర డప్పులు ఆపమను.”

నాగప్ప చెడ్డవాడు కాదు. మొహం చిన్నబుచ్చుకుని చుట్టూ చూశాడు.

“ఒదినె, నీ మీదికి రాలేదని ఓర్వలేక అంటుందని జనం అనుకుంటరు. నిజంగ అమ్మే అయితే మనం ఏం గావాలె? జర ఊకో.”

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఎందుకంటే అదే అనుమానం ఆమెకూ ఉంది. ఇది నా కడుపుమంటే మాట్లాడుతోందేమో, అమ్మను పట్టుకుని అమ్మ కాదంటున్నానేమో, చల్లదనం నా భ్రమేమో. ఒక పరాయి పిల్ల కోసం ఊరందరి ముందు నోరు జారితే రేపటి నుంచి తన మొహం ఎవరు చూస్తారు? మనకెందుకు, చూసేవాళ్లు ఇంతమంది ఉన్నారు కదా అని ఆమె కూడా ఒక అడుగు వెనక్కి వేసింది.

అప్పుడే ఆ పిల్ల మోకాళ్లు మడతపడ్డాయి. ఇద్దరు ఆడవాళ్లు భక్తితో చంకల కింద చేతులు వేసి లేపి నిలబెట్టారు, అమ్మ కింద పడకూడదని. తల వెనక్కి వాలిపోయింది. ఆ ఊపు చూసి జనం ఇంకా గట్టిగా కొట్టమన్నారు. డప్పులు జోరందుకున్నాయి.

ఇక రుక్కమ్మ ఆలోచించలేదు. రుక్కమ్మ చెప్తే ఎవరూ వినరు, ఎల్లమ్మ చెప్తే వింటారు. నెత్తి మీది బోనం దించి కల్వర్టు గోడ మీద పెట్టింది. కొప్పు విప్పింది. తల్లీ, కళ్లు తీసుకుంటే తీసుకో అని లోపల ఒక మాట అనుకుని, గొంతు చించుకుని కేక పెట్టింది. తల ఊపుతూ, కాళ్లు నేలకేసి కొడుతూ గుంపును చీల్చుకుని డప్పుల ముందుకు పోయింది.

“డప్పు ఆపుండ్రి. నా బిడ్డ ఏం చెప్తున్నదో నాకు ఇనవడాలె.”

డప్పు మేళానికి పెద్ద యేసయ్య. ఆదివారం ప్రార్థనకు పోయే మనిషే అయినా, తండ్రి కాలం నుంచి ఆ ఊరి బోనాలకు దరువు వాళ్లదే. అతను రుక్కమ్మను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు. పుల్ల ఎత్తిన చెయ్యి గాలిలోనే ఆపాడు. వెనకున్నవాళ్లందరూ ఆపేశారు. ఒక్కసారిగా ఊరంతా చప్పుడు లేకుండా అయిపోయింది.

ఆ నిశ్శబ్దంలో పిల్ల మాట పీలగా వినబడింది. పొద్దున సూది వేసుకుందట, తినలేదట, షుగరట. మూడు ముక్కలే. అంత చిన్న పిల్లకు షుగరేమిటని పక్కనున్నవాళ్లు మొహాలు చూసుకున్నారు గానీ, రుక్కమ్మకు చిన్నా పెద్దా అవసరం లేదు. ఆమె భర్తను చివరి నాలుగేళ్లు పట్టి పీడించింది ఆ రోగమే. మందు వేసుకుని తినకపోతే ఆయన కూడా ఇట్లాగే తడబడేవాడు, నోట్లో తీపి పెట్టమని డాక్టర్ చెప్పేవాడు. చుట్టూ చూసింది. తీపి అంటే బోనంలోని బెల్లపన్నమే. అమ్మకు చూపించకముందు ఎవరూ ముట్టరాని అన్నం.

“నా బోనం నేను తిన్నట్టే. ముందు ఈ బిడ్డకు పెట్టుండ్రి” అని గోడ మీది బోనం తెప్పించి, తానే కుండలో చెయ్యి పెట్టింది.

పిల్లను కూర్చోబెట్టి, మింగగలుగుతోందో లేదో చూసి, బెల్లం పాకాన్ని వేలితో పెదాల మధ్య రాసింది. తర్వాత చిన్న ముద్ద, ఇంకో చిన్న ముద్ద. ఊరు ఊరంతా దండం పెట్టుకుని చూస్తోంది. దేవత అన్నం తినిపిస్తుంటే ఎవరు మాత్రం కాదంటారు? 108కి ఫోన్ చేయమంటే పదిమంది ఒకేసారి చేశారు. అంతదాకా వీడియో తీసిన ఫోన్లే అవి.

అంబులెన్సు వచ్చేసరికి పిల్ల కళ్లలోకి వెలుగు వచ్చింది. పేరు నవ్య, ఇటిక్యాల వాళ్లు. కోడేరులో అక్కకు కొడుకు పుడితే చూడబోతోంది. అక్క ఇంట్లో తిందామని తినకుండా బయలుదేరిందట, బస్సు ఇంతసేపు ఆగుతుందని ఎవరనుకున్నారు? సిబ్బంది వేలు గుచ్చి చూసి, ఇంకాస్త ఆలస్యమైతే స్పృహ పోయేదని, ప్రాణానికే ప్రమాదమయ్యేదని చెప్పారు. నాగర్‌కర్నూల్ దవాఖానకు తీసుకుపోతుంటే నవ్య రుక్కమ్మ చెయ్యి వదల్లేదు. తడిసిన జుట్టులోంచి వేపాకులు తీసుకుంటూ, సిగ్గుపడుతూ ఒక మాట అడిగింది.

“మీరు గూడ ఊగుతుంటే, నా లెక్కనే మీకు గూడ షుగర్ పడిపోయిందనుకున్న అక్కా. ఇప్పుడు మంచిగున్నరా?”

రుక్కమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మంచిగనే ఉన్నానని చెప్పి బండి తలుపు వేయించింది.

గుడి దగ్గర నాగప్ప అలవాటు ప్రకారం చేతులు జోడించి వానల సంగతి అడిగాడు. రుక్కమ్మ వానల ఊసెత్తలేదు. ఒక అబద్ధం అయిపోయింది, దాని మీద ఇంకోటి పేర్చడానికి మనసొప్పలేదు. తన మీద అమ్మ లేదని మాత్రం చెప్పి, వెలితి పడ్డ బోనం దించి వచ్చేసింది. ఊరికి అదేం పట్టలేదు. ఈ ఏడు ఇద్దరి మీదికి వచ్చింది, బిడ్డకు తన చేత్తో తినిపించింది, ఇంకేం కావాలని ఇల్లిల్లూ సంబరపడింది. ఎవరు పొగిడినా రుక్కమ్మకు ముద్ద దిగలేదు. తెల్లారగానే చూపు సరిగ్గా ఉందో లేదోనని గోడ మీది క్యాలెండర్‌లో అంకెలు చదువుకుంది. అన్నీ కనబడ్డాయి. అయినా గుబులు పోలేదు.

ఆ పొద్దునే, బోనాలకు డప్పు కొట్టినందుకు తన వంతు బియ్యం తీసుకోవడానికి యేసయ్య ఇంటిముందుకు వచ్చాడు. ఇన్నేళ్లుగా ఆమెను ఊగించిన దరువు అతనిది. అతని ముందు ఆమె మనసు దాగలేదు. కూర్చోమని పీట వేసి, చాటలో బియ్యం పోస్తూ తలెత్తకుండానే చెప్పింది.

“తమ్మీ, నిన్న నా మీదికి అమ్మ రాలె.”

“నాకెర్కనే అక్కా” అన్నాడు యేసయ్య.

రుక్కమ్మ చాట కింద పెట్టింది.

“అమ్మ వచ్చిందంటే నీ అడుగు నా దరువు మీదనే పడ్తది. నేను నీ మొకం సూడ, కాళ్లే సూస్త. నిన్న ఒక్క అడుగు గూడ దరువు మీద పడలె. ఊకెనే దుంకుతున్నవు.”

సిగ్గుతో ఆమె చెవులు వేడెక్కాయి. ఇంతమందిలో ఒకడు చూశాడు, చూసి కూడా ఊరుకున్నాడు. మెల్లగా అడిగింది.

“ఎరుక ఉండి గూడ డప్పెందుకు ఆపినవు మరి?”

యేసయ్య భుజం మీది తువ్వాలు తీసి మొహం తుడుచుకున్నాడు.

“ఇన్నేండ్లల్ల నువ్వు అమ్మ పేరు మీద అబద్ధమాడంగ సూడలె. అమ్మ రాని ఏడు నోరు మూస్కొని పోయినవు గాని, ఆడలె. గసువంటి దానివి నిన్న ఆడినవు. గా పిల్ల పాణం పోతున్నదని నాకు గప్పుడే సమజైంది.”

రుక్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కాసేపు ఏడ్చింది. అది దుఃఖం కాదని ఆమెకూ తెలుసు, అతనికీ తెలుసు. తనను ఇంతగా ఎరిగిన మనిషి ఒకరున్నారని ఆమె ఎన్నడూ అనుకోలేదు. వచ్చే ఏడు అమ్మ వస్తుందంటావా అని కళ్లు తుడుచుకుంటూ అడిగింది. ఆ తల్లి సంగతి తనకు తెల్వదని, తాను ప్రభువును కొలిచేవాడినని, దరువు మాత్రం తప్పకుండా కొడతానని యేసయ్య చెప్పాడు.

అతను పోయాక రుక్కమ్మ కోడల్ని పిలిచి అన్నం పెట్టమంది. పప్పులో ఉప్పు తక్కువైందని ఒక వంక పెట్టి, రెండోసారి వడ్డించుకుని, కడుపునిండా తిన్నది.