నాలుగు గంటల జ్వరం

వరండా ఎంత నడిచినా తెమలడం లేదు. ఒక పక్క ప్రయోగశాల గాజు అలమారాలు, ఇంకో పక్క గోదావరి రేవు, మధ్యలో థర్మామీటరు పట్టుకుని, చీర కుచ్చిళ్లు తడుపుకుంటూ వకుళ పరుగులాంటి నడక నడుస్తోంది, నాలుగయ్యేలోగా మరియదాసు మాస్టారికి జ్వరం చూడాలి మరి. ఆయన పోయి పదకొండేళ్లయిందన్న సంగతి ఆవిడకి గుర్తుంది, అయినా ఆలస్యమైతే కేకలేస్తారన్న భయం మాత్రం ఎక్కడికీ పోలేదు.

రేవు మెట్ల మీద ఆసుపత్రి మంచం, మంచం మీద మాస్టారు. తను తయారుచేసిన కలరా టీకాని జనానికి వెయ్యబోయే ముందు తన జబ్బకే పొడుచుకున్న మొండిమనిషి. ఆ రోజు మూడు గంటలకోసారి జ్వరం చూసి పట్టికలో రాసే పని ఇరవైమూడేళ్ల వకుళది.

"నాలుగింటికి ఎంతుందమ్మాయ్?"

ఆవిడ థర్మామీటరు ఎత్తి చూస్తుంది. గీతలున్నాయి, అంకెల్లేవు, విదిలిస్తే పాదరసం నీళ్లలోకి జారి చేపపిల్లై పోతుంది.

"తొంభై తొమ్మిదని రాశానండీ."

"రాసింది కాదు, చూసింది చెప్పు."

ముప్ఫై ఏళ్లుగా నోరు పెగలని మాట ఇది.

"చూళ్లేదండీ. అన్నం తిన్నాక కునుకు పట్టేసింది, లేచేసరికి ఆరు. ఒంటిగంటకీ ఏడింటికీ తొంభై తొమ్మిదే కదా అని మధ్యలో కూడా అదే వేసేశాను. ఇప్పుడా టీకాని మళ్లీ బయటికి తీశారు మాస్టారూ. రేపు మీ మోతాదే నలభై మందికి వేస్తారట, పట్టిక సరైనదేనని నన్ను సంతకం పెట్టమంటున్నారు."

ఆయన కోప్పడరు, అదే ఆవిడకి ఎక్కువ భయంగా ఉంది. మంచం చుట్టూ ఎప్పుడొచ్చారో నలభై మంది, చొక్కా చేతులు పైకి మడుచుకుని కూర్చుని ఉన్నారు; ఒక్కరి ముఖమూ కంటికి ఆనడం లేదు.

"నాకు తెలుసులే అమ్మాయ్. నాలుగింటికి ఒళ్లు కాలిపోయింది, పళ్లు టకటకలాడాయి. నువ్వేమో బల్ల మీద తల పెట్టుకుని నిద్రపోతున్నావు. లేపబుద్ధి కాలేదు."

"తర్వాతైనా చెప్పొచ్చు కదండీ!"

"చెబితే టీకా ఆగిపోయేది," అంటూ ఆయన ముఖం తిప్పుకుంటారు. "ఆ ఏడు జనం పిట్టల్లా రాలిపోతున్నారు."

వకుళకి ఏడుపూ కోపమూ కలిసి వస్తున్నాయి. తప్పు సగం ఆయన మీదికి తోసేస్తే తన బరువు తగ్గుతుందని తనే ఆయన చేత ఇలా పలికిస్తోందేమో.

"ఇది మీరంటున్నారా మాస్టారూ, నేననిపిస్తున్నానా?"

ఆయన నోరు తెరిచేలోగా నీళ్లు మంచం మీదికెక్కుతున్నాయి, నలభై మందీ కదలకుండా చేతులు చాపే ఉన్నారు, ఆవిడ ఎవరినీ పేరు పెట్టి పిలవలేకపోతోంది.

"అమ్మా. వకుళమ్మా."

వకుళ బల్ల మీంచి తలెత్తింది. ఎదురుగా అటెండరు బాషా. బల్ల మీద టీ మీగడ కట్టి ఉంది.

"ఎంతసేపైంది నువ్వొచ్చి?"

"అరగంటైందమ్మా. అలిసిపోయి పడుకున్నారు కదా, లేపబుద్ధి కాలేదు."

వకుళ టీ పక్కకి జరిపింది.

"లేపాలి బాషా," అంది. సంతకం కోసం పంపిన పట్టికని దగ్గరికి లాక్కుని, నాలుగు గంటల దగ్గర అంకె కొట్టేసి, పక్కన 'చూడలేదు' అని రాసింది.