ఆకు వేసే వేళ

రెడ్డెమ్మ మల్బరీ కొమ్మల మోపును షెడ్డు గడప ముందు దించి, సున్నపు నీళ్లలో కాళ్లు ముంచి లోపలికి నడిచింది. అరల నిండా పట్టుపురుగులు. కొమ్మలు పరిచీ పరచకముందే నమలడం మొదలుపెట్టాయి. అంత చిన్న నోళ్లకు అంత ఆకలి ఎక్కడిదో! ఆమె బయటికొచ్చి చేతులు రుద్ది కడిగి, వంటింట్లోని పెద్దావిడకు వినపడేలా గొంతెత్తింది.

"అమ్మా, ఆకేసినా. బుడ్డోడికి రాగిసరి తేండి."

రెడ్డెమ్మ సన్నటి మనిషి, కాస్త వంగిన నడుము, పసరు పట్టిన వేళ్లు. ఊరు పుంగనూరు పక్కనే గానీ సొంత ఇంట్లో పడుకునే రాత్రులు తక్కువ. మొగుడు పోయినప్పటి నుంచీ పని ఎక్కడుంటే అక్కడే. వేసవిలో నిమ్మనపల్లె టమాటా తోటలు, వానలకు చెనిక్కాయ చేలల్లో కలుపు, మధ్యలో పెద్దపంజాణి వైపు ఇలా పురుగులు మేపే ఇళ్లు. ఏ కాలంలో ఏ ఇంట చూసినా ఒకటే తంతు. టమాటా కోతలప్పుడు తల్లులు తెల్లారకముందే తోటకు పోతారు, బిడ్డ నోట్లో టీలో ముంచిన బన్ను. వానల్లో పాలన్నీ డెయిరీ క్యానులోకి, బిడ్డకు బిస్కత్తు నీళ్లు. రెడ్డెమ్మకు ఒళ్లు మండేది. కూలిమనిషి మాట ఎవరు వింటారు గనక.

ఈ ఇంటికి ఆమె వచ్చేసరికి సంగతి ఇంకోలా ఉంది. రైతు తిమ్మప్ప కోడలు గంగాదేవి పగలంతా షెడ్డులోనే. లోపలికీ బయటికీ తిరిగితే పురుగుకు జబ్బు అంటుతుందని అత్త జయలక్ష్మమ్మ భయం. ఏడాది నిండని మనవడేమో పళ్లొచ్చే వేళ తిండి మానేసి, కళ్లు లోతుకుపోయి మూలన పడున్నాడు. పురుగులు మేపడంలో జయలక్ష్మమ్మ చెయ్యి తిరిగిన మనిషి. పొర మార్చుకునే ముందు పురుగు మేత మానేసి పడుకుంటుంది. కదపకూడదు, ఆకు వేయకూడదు, లేచాక తానే తింటుంది. మనవడి విషయంలోనూ ఆవిడ అదే లెక్క వేసింది.

"పండ్లొస్తాండాయి గదా, పడుకోనీ. లేస్తే వాడే తింటాడు," అంది, రెడ్డెమ్మ పనిలోకి వచ్చిన రోజున.

రెడ్డెమ్మ బిడ్డను ఎత్తుకుంది. చేతికి బరువే తగల్లేదు.

"పురుగు లేసి ఆకు మీదికి పోతాదమ్మా. ఈడు యాడికి పోతాడు? వంటింట్లోకి పాకి పొయ్యి ఎలిగించుకుంటాడా?"

పెద్దావిడ ముఖం ముడుచుకుంది. రెడ్డెమ్మ వదల్లేదు. ఎవరికి జబ్బు చేసినా, చుట్టాలు దిగినా, ఆ ఇంట్లో పురుగుకు ఆకు వేసే వేళ తప్పదని ఆమె గమనించింది. ఆ వేళకే బిడ్డ తిండిని ముడిపెట్టింది. నానిన రాగులు రుబ్బి, పలుచటి గుడ్డలో వడగట్టి, ఆ పాలు చిక్కగా కాచి, ఒక చుక్క నెయ్యి వేసింది. ఆకు పడ్డప్పుడల్లా గంగాదేవి బయటికి రావాల్సిందే, పాలిచ్చి, సరి తినిపించి, సున్నపు నీళ్లలో కాళ్లు కడుక్కుని పోవాల్సిందే. అలాగైతే పురుగుకు జబ్బు అంటదని పెద్దావిడా ఒప్పుకుంది. మొదట్లో వాడు ఉమ్మేశాడు. రెడ్డెమ్మ వేలికొనతో నాలిక మీద రాసింది. మళ్లీ ఉమ్మేశాడు, మళ్లీ రాసింది. మొండితనంలో ఇద్దరూ ఇద్దరే.

ఇప్పుడు సరి మాట వినగానే వాడు రెండు చేతులా నేల చరుస్తున్నాడు.

"రెడ్డెమ్మక్కా, వీడు పురుగుల్ని మించిపోతాండాడు," అని గంగాదేవి నవ్వింది.

మూడోనాటి మధ్యాహ్నానికి పురుగులు పండి పసుపు తేలాయి. అందరూ కలిసి వాటిని ఏరి వెదురు తడికల్లాంటి చంద్రికల మీద వదిలారు. ఇక అవి గూళ్లు కట్టుకోవడమే. వాటికి మేత అక్కర్లేదు, ఇంటికి రెడ్డెమ్మ అక్కర్లేదు. నిమ్మనపల్లెలో టమాటా కోతలు మొదలయ్యాయి, సాయంత్రం బస్సుకు పోవాలి. మూట కట్టుకుంటుంటే ఆమెకు ఒకటే దిగులు. ఆకు వేసే వేళే లేకపోతే ఈ ఇంట్లో బిడ్డ ఎవరికి గుర్తొస్తాడు? బిడ్డ సంగతి చెప్పి పోదామంటే జయలక్ష్మమ్మ అలసి గోడకానుకుని కళ్లు మూసుకుని ఉంది.

గేటు దాటింది గానీ మలుపులో కాళ్లు ఆగిపోయాయి. పొద్దు వాలింది. రోజూ ఆకు వేసే వేళ అది. షెడ్డులో చడీచప్పుడు లేదు. అక్కడే చాలాసేపు నిలబడిపోయింది. ఉన్నట్టుండి ఇంట్లోంచి జయలక్ష్మమ్మ గొంతు వినిపించింది.

"గంగా, ఆ తట్టలు తర్వాత కడగొచ్చులే. సరి సల్లారతాండాది, బుడ్డోణ్ని ఎత్తుకోని రా."

రెడ్డెమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. సంతోషం పట్టలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గెలిస్తివి పోరా బుడ్డోడా," అని తనలో తాను అనుకుని, మూట చంకనెత్తుకుని బస్సుకు గబగబా నడిచింది.

చీకటి పడేసరికి ఇంటివాళ్లంతా లోపలికి పోయారు. అరుగు మీద చిన్న ఇత్తడి గిన్నె ఒకటి మిగిలింది, అడుగంతా పసివేళ్లు ఊడ్చిన గీతలతో.