తిరిగొచ్చే ముక్క

ఎన్ని ఐసు దిమ్మలు కావాలో కోడలిని అడక్కుండా ముత్యాలమ్మ ఏ రోజూ ఐసు ఫ్యాక్టరీకి ఫోన్ చేయలేదు. గిలకలదిండిలో చేపలమ్మే ఆడవాళ్లందరూ ఆ కోడలినే అడిగేవాళ్లు. తెల్లారగట్ల పడవలు వేటకి బయల్దేరుతుంటే ఆమె పెద్దకొడుకు నాగేంద్రబాబు రేవులో నిలబడి డ్రోన్ లేపేవాడు. పడవలు కనుమరుగై నీళ్లు మాత్రమే మిగిలాక కూడా దాన్ని దించకుండా ఇంకో నాలుగు నిమిషాలు గాల్లోనే ఉంచేవాడు. ఆ నాలుగు నిమిషాల్లో, అవతల ఇంకా వల నీళ్లలో పడకముందే, పడవలు సాయంత్రం తిరిగి రావడం వీడియోలోకి వచ్చి పడేది. ఎండలో రిమోట్ తెర మీద ఏమీ ఆనదు గనక అతని భార్య సునీత లాప్‌టాప్‌లో ఎక్కించి చూసేది. ఏ పడవ ఎంత బరువుతో వస్తుందో ఆమె చెప్పాక ఎవరి బుట్టలు వాళ్లు సర్దుకునేవాళ్లు. దాన్ని అందరూ తిరిగొచ్చే ముక్క అనేవారు.

వీడియో తీశాక ఆ ముక్క పడకుండా వెళ్లిన మనిషి ఇంతవరకూ ఒక్కడే, వెనక వీధి పెద్దిరాజు. రెండేళ్ల కిందట దివిసీమలో రొయ్యల చెరువుల కాపలాకి వెళ్తూ సరదాపడి వీడియో తీయించుకున్నాడు. బ్యాటరీ అయిపోయి డ్రోన్ మధ్యలోనే దిగిపోయింది. మనిషి నిక్షేపంలా ఉన్నాడు. రోజూ నాగాయలంక నుంచి భార్యకి ఫోన్ చేసి ఆదివారం వస్తానంటాడు. ఆదివారానికి జ్వరమైనా తగులుతుంది, బస్సయినా తప్పిపోతుంది. అతని భార్య అనూష ఉండబట్టలేక రెండుసార్లు వెళ్లింది. వెళ్లిన రెండుసార్లూ నిన్ననే వేరే చెరువుకి మారాడన్నారు. అప్పట్నుంచి నిండా ఛార్జింగు లేని బ్యాటరీని నాగేంద్రబాబు ముట్టుకోడు. నాగేంద్రబాబు ఇంట్లో ఫోన్ పెట్టేసేటప్పుడు కూడా లోకమంతా అన్నట్టు "ఉంటాను" అనరు. "వచ్చేస్తా" అంటారు, పక్కింట్లో ఉండి మాట్లాడినా సరే.

వేసంగిలో ఉప్పుగాలికి లాప్‌టాప్ తుప్పుపట్టి కన్నుమూసింది. చిలకలపూడిలో రిపేరు షాపాయన మూత తెరిచి చూసి పెదవి విరిచాడు. దాని బదులు ట్యాబ్ వచ్చింది. ముత్యాలమ్మ దాన్ని పలక అంది, ఇంటిల్లిపాదీ పలక అన్నారు. సునీతకి అది తెగ నచ్చింది. వేలితో తోస్తే జరుగుతుంది, వేలితో గీస్తే తెగుతుంది, బస్సులో కూర్చుని కూడా పని చేసుకోవచ్చు. దానికున్న లోపం ఒక్కటే, కడుపు చిన్నది. మొగుడూపెళ్లాలు పెళ్లిళ్లకీ బళ్లకీ తీసిచ్చే వీడియోలు ఏడాదివి పడి ఉన్నా లాప్‌టాప్ కిక్కురుమనేది కాదు. పలకకి మాత్రం ఒక పెళ్లి ఎక్కించాలంటే ఇంకో పెళ్లిని దించాలి.

ఆ గురువారం పొద్దున సునీత మావగారు పోతయ్య, మరిది నాగబాబు, ఇంకో ఇద్దరు పడవెక్కారు. "వెళ్లొస్తాం" అన్నారు అందరూ. మిగతా పడవలు ఆ పూట డ్రోన్ లేవకముందే వెళ్లిపోయాయి గనక నాగేంద్రబాబు వాళ్లదొక్కటే తీశాడు. గుడివాడలో పెళ్లి వీడియో చూపించడానికి సునీత కూడా బయల్దేరుతోంది గనక, బ్యాటరీ మార్చి, సందు చివర ఆటో దాకా నడిచెళ్తున్న ఆమెని కూడా తీశాడు. పరుగున వెళ్లి రెండు వీడియోలూ పలకలోకి ఎక్కించి ఇచ్చాడు. మర్నాటికి కావాలి గనక డ్రోన్‌లోని కార్డు ఎప్పట్లాగే తుడిచేశాడు.

బస్సు పెడన దాటాక సునీత ముందు తనది చూసుకుంది. చివర్న సాయంత్రపు వెలుగులో తను సందులోకి వస్తోంది. చేతిలో మిఠాయి పొట్లం ఉంది. ఆరేళ్ల కూతురు దివ్యశ్రీ చెప్పుల్లేకుండా ఎదురు పరిగెత్తుకొచ్చి కాళ్లకి చుట్టుకుంది. ఈ పొట్లం ఎక్కడ కొంటానో ఏమిటో అని సునీత నవ్వుకుంది.

పడవ వీడియో తెరిచేసరికి పలక చోటు లేదంది. ఒక రిసార్టు వాళ్లు పడవ వెళ్లే పన్నెండు సెకన్ల రీలు మధ్యాహ్నంలోగా పంపమన్నారు. సునీత ఆ పన్నెండు సెకన్లూ కోసుకుంది. మిగతాది తీసేయమంటావా అని పలక అడిగింది. లాప్‌టాప్‌లో ఆమె ఎన్నేళ్లుగా కోసిందీ నకలునే, అసలుకి ఏమీ అయ్యేది కాదు. ఆ అలవాటు కొద్దీ ఆమె వేలు, ఆమెతో మాటైనా చెప్పకుండా, అవునంది.

గుడివాడలో పూర్ణచంద్రరావు గారు ధాన్యం వ్యాపారి. కూతురు లహరి పెళ్లి వీడియో చూడ్డానికి ఇంటిల్లిపాదినీ హాల్లో కూర్చోబెట్టి, "ఇంత పలకలో ఏం కనపడుతుందమ్మా, పెద్దది తేలేకపోయావా?" అని విసుక్కున్నారు. చూస్తూ చూస్తూ మెత్తబడ్డారు. అప్పగింతల కారు గేటు దాటి వెళ్లడం, ఆ వెంటనే తెర మీద లహరి పుట్టింటికి రావడం చూసి కళ్లు తుడుచుకున్నారు.

మూడింటికి ముత్యాలమ్మ ఫోన్ చేసింది.

"అమ్మాయ్, ఎన్ని దిమ్మలు చెప్పమంటావే? పొద్దున్నించీ చూస్తున్నాను, చెప్పవేం?"

సునీత వెతికింది. పన్నెండు సెకన్లలో పడవ వెళ్తోంది. మళ్లీ వేస్తే మళ్లీ వెళ్లింది. తిరిగొచ్చే ముక్క లేదు.

"చూసి చెప్తా అత్తా. మిగతా పడవలొచ్చాయా?"

"గాలి తిరిగిందని అందరూ రెండింటికే ఒడ్డున పడ్డారు. మనదే రావాలి. మీ మావయ్య ఫోన్ కలవటంలేదు. వాడు చూడు, రేవులోంచి కదలడు."

వాడంటే నాగేంద్రబాబు. అతను ఫోన్ తీసుకుని, "సునీతా, పొద్దున నాలుగు నిమిషాలూ ఉంచాను. నువ్వు చూశావా?" అని మెల్లిగా అడిగాడు.

అబద్ధం చెప్పాలంటే ఆమెకి నోరు రాలేదు. "పొరపాటున తీసేశాను బావా. పైనుంచి దింపుతాను," అంది.

తీసేసినవి నెల్లాళ్లు పైనెక్కడో, నెట్‌లో ఉంటాయి. అక్కడ పట్టేది ఒక్క వీడియో మాత్రమే, ఇప్పుడున్నది పడవది. దాన్ని కిందికి దింపుకోవాలంటే ముందు పలకలో చోటు కావాలి. సునీత పూర్ణచంద్రరావు గారికి ఉన్నదున్నట్టు చెప్పింది. నలుగురు మనుషుల తిరిగొచ్చే ముక్క పోయిందంటే ఆయన అదేమిటని అడగలేదు.

"మా పందిరీ, భోజనాలూ, ఊరేగింపూ అన్నీ తీసెయ్యమ్మా. ఏం పర్లేదు. కారు మాత్రం ముట్టుకోకు. అమ్మాయి మూడు నిద్రలకి రావాల్సుంది," అన్నారు.

అన్నీ తీసేసింది. ఇంకా చాలలేదు. పలకలో మూడే మిగిలాయి. ఒకటి లహరి కారు. రెండోది మొవ్వలో ఒక బడి వాళ్లు తీయించుకున్నది. విహారానికి బయల్దేరిన బస్సు, అందులో నలభైమంది పిల్లలు. వాళ్లింకా తిరిగి రాలేదు. మూడోది తనది.

పెన్‌డ్రైవ్ గుచ్చడానికి పలకకి చోటే లేదు. ఫోన్‌లో పెడదామంటే ఫోన్ అంతకన్నా చిన్నది. కిటికీలోంచి చూస్తే వేపకొమ్మలు పడమటికి వంగిపోతున్నాయి. ఆ గాలికి పోతయ్య చిన్న పడవ ఎంతసేపు ఆగుతుందో సముద్రం ఒడ్డున పుట్టిన సునీతకి ఎవరూ చెప్పక్కర్లేదు. మరిదికి పెళ్లై ఏడాది కాలేదు. మిగతా ఇద్దరివీ పసిపిల్లలున్న ఇళ్లు. చేసిన వేలు తనది. దానికి ఇన్నిళ్లు ఎందుకు ఏడవాలి?

తన వీడియో ఇంకోసారి వేసుకుంది. పిల్ల పరిగెత్తుకొచ్చే చోట వేలితో ఆపి, దగ్గరికి లాగి చూసింది. పైనుంచి తీసింది గనక మొహం ఆనలేదు. పాపిట మాత్రం కనిపించింది, పొద్దున తను తీసినట్టే వంకరగా ఉంది. పైన కూడా చోటు లేదు, తీసేస్తే ఇక దొరకదు, తీసేయమంటావా అని పలక అడిగింది. ఈసారి ఆమె చదివి, అర్థం చేసుకుని, అవునంది.

పడవ వీడియో చుక్కచుక్కగా దిగింది. చివర్న పోతయ్య పడవ వచ్చింది. అంచు దాకా నీళ్లలో మునిగి, ఒక పక్కకి ఒరిగి వచ్చింది గానీ వచ్చింది. సునీత లోపలున్న మనుషుల్ని వేలు పెట్టి లెక్కపెట్టింది. నలుగురూ ఉన్నారు.

"ఎనిమిది దిమ్మలు చెప్పు అత్తా," అంది ఫోన్లో.

"ఎనిమిదే? నిన్న పది కదే!" అని ముత్యాలమ్మ సణుక్కుంటూ పెట్టేసింది.

సునీత బస్టాండుకి నడిచింది. దారిలో మిఠాయి పొట్లం కొంది. తమ ఊరి వైపు, బందరు వెళ్లే మొదటి బస్సు ఆగలేదు. రెండోది ఆగింది, సీటు కూడా దొరికింది. ఊరు దాటకముందే టైరు పేలితే అందర్నీ దింపి వెనక్కి నడిపించారు. మూడో బస్సుకి బోర్డు మీద బందరనే ఉంది. ఎక్కబోతుంటే కండక్టరు బోర్డు తిప్పి, ఇది ఉయ్యూరు వెళ్తుందమ్మా అన్నాడు, పాపం ఎంతో మర్యాదగా. సునీత వెళ్లి సిమెంటు బల్ల మీద కూర్చుంది.

ఐదున్నరకి ఫోన్ మోగింది. అటువైపు రేవంతా గోలగా ఉంది.

"వచ్చేశారు సునీతా! ఇంజను నీళ్లలో మునిగిందంట, నాన్న తెడ్డేసుకుంటూ వచ్చాడు. నలుగురూ క్షేమం," అన్నాడు నాగేంద్రబాబు. "నువ్వు బయల్దేరావా? ఇదుగో, పాప మాట్లాడుతుందంట. స్పీకర్లో పెట్టాను."

"అమ్మా, మిఠాయి తెస్తున్నావా?"

"కొన్నానమ్మా."

"ఎప్పుడొస్తావ్?"

సునీత ఒళ్లోని పొట్లం వైపు చూసింది. నెయ్యి కాగితానికి దిగి చీరకి అంటుకుంటోంది.

"నాన్న జడేస్తే కదలకుండా కూర్చో. నాయనమ్మ దగ్గర పడుకో," అంది. వచ్చేస్తా అందామని నోరు తెరిచింది. ఆ మాట రాలేదు.

"ఉంటానమ్మా," అంది.

దివ్యశ్రీ సరేనంది. రేవులో ఎవరో నవ్వుతున్నారు, ఐసు పగలగొడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత నాగేంద్రబాబు స్పీకరు ఆపేసి, ఫోన్ చెవికి ఆనించుకున్నాడు.

"సునీతా," అన్నాడు. "చోటు కోసం ఏ ముక్క తీశావ్?"