గుమ్మం బయటే ఆగిన బండి

లోర్నా టోల్లెఫ్‌సన్ ఇరవై ఆరేళ్లుగా ఎల్మ్‌రిడ్జ్ ఆసుపత్రిలో నర్సు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో అలాంటి చిన్న ఆసుపత్రులు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి, నెలాఖరుకు ఆమె వార్డు వంతు. ఇంకో ఆసుపత్రిలో చేరాలంటే మంచులో రెండు గంటల ప్రయాణం, అరిగిపోయిన మోకాళ్లతో పన్నెండు గంటలు నిలబడే చాకిరీ. అందుకే ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ అమ్మే ఈ మహా కంపెనీలో, దాన్ని నర్సులకు నేర్పే ఉద్యోగం కోసం ఇంటర్వ్యూకు వచ్చింది. ఇది రాకపోతే ఇల్లు అమ్ముకుని ఊరు వదలాల్సిందే.

కంపెనీ అంటే మొక్కజొన్న చేల మధ్య లేచిన ఓ చిన్నపాటి ఊరు. రోగం రొష్టు ఎరగని పాతికేళ్ల పిల్లలు రోగుల కోసం కంప్యూటర్ తెరమీద బొత్తాలు గీస్తూ కూర్చునే చోటు. అలాగని చెడ్డవాళ్లేం కాదు. గేటు నుంచి గది దాకా ఏడుగురు ఆగి మరీ దారి చెప్పారు, అందులో ముగ్గురు తప్పు చెప్పారు.

ఇంటర్వ్యూ చేసే కెల్సీ బ్రాంట్‌కు ముప్పై దాటి ఉండవు. లోర్నాను చూడగానే మొహం వెలిగిపోయింది.

"మందు ఇచ్చే ముందు రోగి చేతికి కట్టిన పేరుపట్టీ స్కాన్ చేయాలి కదా. నూటికి తొంభై తొమ్మిది సార్లు చేసింది మీ వార్డొక్కటే! ఏ ఆసుపత్రికి వెళ్లినా మీ పేరే చెప్తాను. ఎలా సాధించారండీ? ఆ గుట్టేదో చెప్పండి, ఉద్యోగం మీదే అనుకోండి."

శ్రద్ధ, క్రమశిక్షణ అంటూ నాలుగు ముక్కలు చెబితే పనైపోతుంది. పొద్దున అద్దం ముందు లోర్నా అవే వల్లించుకుని వచ్చింది కూడా. తీరా నోరు తెరిస్తే ఆ మాటలు రాలేదు.

"మేం స్కాన్ చేసింది రోగుల చేతుల్ని కాదు," అంది. "మాది పాత కట్టడం. మీరు పంపిన కంప్యూటర్ బండి గుమ్మంలో పట్టదు, స్కానర్ తీగ మంచం దాకా రాదు. అందుకని పట్టీలు ఇంకో జత అచ్చుతీసి బండికే అంటించుకున్నాం. గుమ్మం బయటే స్కాన్ చేసి, మందు పట్టుకుని లోపలికి వెళ్లేవాళ్లం."

కెల్సీ చేతిలో పెన్ను ఆగింది. "అందరూనా?"

"నాతో సహా. పోయిన మార్చిలో పక్క గదాయన మాత్ర తీసుకెళ్లి నైగార్డ్ పెద్దాయన చేతిలో పెట్టాను. బండి మీది పట్టీ సరిపోయింది కనుక కంప్యూటర్ అంతా బావుందనే చెప్పింది. ఆయనే కళ్లజోడు సర్దుకుని, 'ఏమే లోర్నా, నాది తెల్లబిళ్ల కదే? ఈ గులాబీది నీ మొగుడికి తెచ్చావా?' అన్నాడు. ఆయన నవ్వాడు. నేను సామాన్ల గదిలోకి పోయి ఏడ్చాను. ఆరోజే పైవాళ్లకు రాసిచ్చాను. లెక్క తొంభై తొమ్మిది ఉందిగా, ఇంకేం బాధ అన్నారు."

"ఇది చెప్తే ఉద్యోగం రాదేమోనని అనిపించలేదా?"

"అనిపించింది. కానీ రేపు నర్సులకు నేర్పాల్సింది నేనే కదా. ఏం నేర్పను, ఈ అబద్ధమా?"

"ఆ స్కాన్ పద్ధతి తయారుచేసింది నేనే," అంది కెల్సీ. "నేర్పే ఉద్యోగం మీకివ్వను."

లోర్నా కోటు అందుకుంది. చెప్పినందుకు మాత్రం చింత కలగలేదు.

"అయ్యో, కూర్చోండి! మేం బండ్లు పంపకముందే వెళ్లి, గుమ్మాలూ మంచాలూ చూసి, వచ్చి మాకు చీవాట్లు పెట్టే మనిషి కావాలి. అలాంటి కొలువు ఇంతవరకూ లేదు. నా జట్టులో ఖాళీ ఉంది, ఎవరికివ్వాలన్నది నా ఇష్టం. మీ ఊళ్లోనే ఉండి చేయొచ్చు. వస్తారా?"

లోర్నా కుర్చీలో కూలబడింది. ఇల్లు అమ్మక్కర్లేదు. కళ్లు తుడుచుకుని అడిగింది: "మా లెక్క చూసి ఎంతమంది కొన్నారమ్మా ఆ బండ్లు?"

"ముప్పై ఒక్క ఆసుపత్రులు."

"అయితే జీతం సంగతి తర్వాత. ముందు ఫోన్ అందుకో. అక్కడి నర్సులూ మాలాగే చేస్తూ ఉండొచ్చు, బండికి అంటించిన పట్టీలుంటే అన్నీ ఇవాళే పీకేయమను."

కెల్సీ మారుమాట లేకుండా ఫోన్ అందుకుంది.